మా వంటింట్లో ఒకటో తరగతి

పొద్దున్న ఎనిమిదిన్నరయ్యేసరికి మా వీధంతా ఒకటే హడావిడి. ఆటోల హారన్లు, పసుపు రంగు స్కూలు బస్సులు, “టై ఏదిరా?”, “నీళ్ల సీసా మర్చిపోయావే!” అన్న కేకలు. తొమ్మిదింటికల్లా అంతా సద్దుమణిగేది. అప్పుడు మా ఇంటి అరుగు మీద మాత్రం ఇద్దరు పిల్లలు మిగిలిపోయేవాళ్లు. ఒకడి చేతిలో బొమ్మ బస్సు, ఇంకోదాని చేతిలో బలపం. ఎదురింటి పిన్నిగారు చెత్తబుట్ట బయట పెడుతూ, “ఏవమ్మా, ఇవాళ సెలవా?” అని అడిగేవారు.

మొదట్లో నవ్వేసి ఊరుకునేదాన్ని. తర్వాత తర్వాత ఆ టైముకి అరుగు మీదకి రావడమే మానేశాను. సెలవు కాదు మరి. మా పిల్లలు బడికి వెళ్లడం లేదు. ఇంట్లోనే చదువుకుంటున్నారు. చెప్పేది నేనే. బి.కాం. పాసయ్యాను, జాకెట్లు కుడతాను, టీచరు ట్రైనింగు లేదు. ఇదంతా రోజూ రోడ్డు మీద నిలబడి ఎంతమందికని చెప్పను? నాలుగేళ్లు ఆ ప్రశ్న వింటూనే గడిపాను. ఆ నాలుగేళ్లలో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాలనే ఇది రాస్తున్నాను. గొప్పలు చెప్పుకోవడానికి కాదు. గొప్పలు చెప్పుకునేంత సంగతి కూడా లేదు లెండి!

యూనిఫాం చూస్తే వాంతి

మా పెద్దాడు 2014లో పుట్టాడు. 2019లో వాణ్ణి యూకేజీలో వేశాం. ఫీజు మా తాహతుకి మించిందే. మా వారిది మోటార్లు రీవైండింగ్ చేసే చిన్న షాపు. అయినా పిల్లాడి చదువు కదా అని అప్పు చేసి కట్టాం. దసరా సెలవులయ్యాక మొదలైంది అసలు గొడవ. వాడికి ‘బి’కీ ‘డి’కీ తేడా తెలిసేది కాదు. ఎటు తిప్పి రాయాలో మర్చిపోయేవాడు. ఒకరోజు అందరి ముందూ బెంచీ ఎక్కించి నిలబెట్టారట. ఆ సంగతి వాడు చెప్పలేదు, పక్క పిల్లాడు చెప్పాడు. మర్నాటి నుంచీ యూనిఫాం చేతిలోకి తీసుకుంటే చాలు, వాడికి వాంతి. తాగిన పాలు తాగినట్టే వచ్చేసేవి. డాక్టరుగారు చూసి, “కడుపులో ఏమీ లేదమ్మా, భయం” అన్నారు.

మా ఊళ్లోనే నన్నయగారు యజ్ఞం చేశారని చెప్పుకుంటారు. ఆదికవి నడిచిన ఊళ్లో నా కొడుక్కి అక్షరం పేరెత్తితే కడుపులో తిప్పుతోంది. ఎవరితో చెప్పుకోను?

2020 మార్చిలో కరోనా వచ్చింది. బడులు మూశారు. లోకమంతా భయపడుతుంటే మా ఇంట్లో ఒక్క మంచి జరిగింది. వాంతులు ఆగిపోయాయి. ఆ ఏడాది సప్తగిరి చానల్లో పాఠాలు చూపించాను. ఫోన్లో క్లాసులన్నారు. ఫోను మా వారితో షాపుకి వెళ్లిపోయేది, వాడి క్లాసూ దాంతో పాటే వెళ్లిపోయేది. 2021 ఫిబ్రవరిలో చిన్న తరగతులకి బడి తెరిచారు. వెళ్లిన నాలుగోరోజు మళ్లీ అదే వాంతి. ఏప్రిల్లో రెండో విడత కరోనాకి బడి మళ్లీ మూతపడింది. ఆగస్టు 16న తెరిచినప్పుడు నేను మొండికేశాను.

“ఒక్క ఏడాది నేను చెప్పుకుంటానండీ” అన్నాను మా వారితో.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “ఏడాదేనా?” అన్నారు చివరికి.

“ఏడాదే.”

మా అత్తగారు వింటూనే ఉన్నారు. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి వారం పాటు నాతో మాట్లాడలేదు.

టైంటేబుల్ గోడ మీద, పిల్లాడు మంచం కింద

ఎంత ఉత్సాహంగా మొదలుపెట్టానో చెబితే నవ్వుతారు. నల్లబోర్డు కొన్నాను. గోడకి టైంటేబుల్ అంటించాను. తొమ్మిదింటికి ప్రార్థన, తొమ్మిదీ పదికి తెలుగు, పదింటికి లెక్కలు, పదకొండింటికి ఇంగ్లీషు. పూజగదిలో గంట తెచ్చి పీరియడు పీరియడుకీ కొట్టేదాన్ని. మా అత్తగారు, “దేవుడి గంట దేవుడికి ఇచ్చెయ్యి” అంటే, అది కూడా నా మీద కోపమే అనుకున్నాను.

పాఠం మొదలుపెట్టిన పది నిమిషాలకి కుక్కరు కూతలు. ఎన్ని కూతలొచ్చాయో లెక్క తప్పి, పప్పు అడుగంటేది. వాడు ఎక్కాలు చెబుతుంటే, నాలుగేళ్లు కూడా నిండని చిన్నది వాడి పుస్తకం మీద బొమ్మలు గీసేసేది. దాన్ని పక్కకి లాగితే ఏడుపు. అది ఏడిస్తే వాడికి నవ్వు. ఇంతలో గ్యాసు బండ అబ్బాయి. వాడు వెళ్లాడో లేదో, “జాకెట్టు అయిందా?” అంటూ ఎవరో ఒకరు. పన్నెండయ్యేసరికి నా గొంతు పోయేది. పిల్లాడికి వచ్చింది ఏమైనా ఉందా అంటే, ఏమీ లేదు.

పదిహేనురోజులయ్యాక తొమ్మిది కొడితే పిల్లాడు కనపడేవాడు కాదు. మంచం కింద దూరేవాడు.

ఆ రోజు నాకిప్పటికీ గుర్తే. తీసివేత లెక్క. నలభైలోంచి పదిహేడు పోతే ఎంత? సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి పక్కింటి నుంచి అప్పు తేవాలి అని అయిదోసారి చెబుతున్నాను. వాడు ముప్పై ఏడు అని రాశాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ ముప్పై ఏడే. చెయ్యి లేచిపోయింది. చెంప మీద నాలుగు వేళ్లూ తేలాయి.

వాడు ఏడవలేదు. నా మొహంలోకి చూసి, “ఇంట్లో కూడా బడేనా అమ్మా?” అన్నాడు. పెరట్లోకి పరిగెత్తి తులసికోట పక్కన వాంతి చేసుకున్నాడు.

నీళ్ల చెంబు పట్టుకుని వాడి వెనక నిలబడ్డాను. వాడి నోరు కడిగింది మాత్రం మా అత్తగారు. బెంచీ ఎక్కించిన వాళ్లని ఏడాదిన్నరగా తిట్టుకున్నాను. నేను చేసింది ఏమిటి మరి? బెంచీ లేదు, అంతే తేడా. ఆ సాయంత్రం బోర్డు తీసి అటక మీద పెట్టేశాను. గంట తిరిగి దేవుడి దగ్గరికి వెళ్లింది.

మామ్మ కుంచం

ఆ తర్వాత నెలరోజులు ఏమీ చెప్పలేదు. చెప్పడానికి భయమేసింది. ఆ నెలలోనే మా అత్తగారు మాస్టారు అయ్యారు. ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు.

ఒకరోజు ఊరి నుంచి బియ్యం వచ్చాయి. ఆవిడ తన పాత ఇత్తడి కుంచం, మానిక, సోల, గిద్ద అన్నీ బయటికి తీశారు. మావాడు చేరాడు పక్కన. “మామ్మా, ఇదెందుకు చిన్నగా ఉంది?” అంటే ఆవిడ చెప్పడం మొదలెట్టారు. “నాలుగు గిద్దలైతే సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలైతే కుంచం. చెయ్యి ఎత్తి పొయ్యకు, నేల పాలవుతాయి.”

వాడు పోస్తూనే ఉన్నాడు. గంటసేపు వంటింటి గడప దగ్గర వాళ్లిద్దరూ. నేను మిషను మీద కూర్చుని చెవి ఇటే పెట్టాను. “మామ్మా! కుంచంలో పదహారు సోలలు. అంటే గిద్దలు... అరవై నాలుగు!” అని అరిచాడు. కొలిచి చెప్పలేదండీ. నోటితో లెక్క కట్టి చెప్పాడు. తర్వాత కొలిచి చూసుకున్నాడు. నలభైలోంచి పదిహేడు తీయలేని పిల్లాడు!

అరసోల, పావు, సగం, సగంలో సగం... భిన్నాలన్నీ వాడికి బియ్యంలోనే వచ్చాయి. అప్పు తెచ్చే తీసివేత కూడా అలాగే. “కుంచంలోంచి మూడు సోలలు తియ్యాలంటే ఏం చెయ్యాలి? ముందు కుంచం విప్పి సోలలు చేసుకోవాలి” అన్నారు ఆవిడ. పదుల్ని ఒకట్లుగా విప్పడమంటే అదే కదా! డిగ్రీ చదివిన నాకు తట్టలేదు. నాలుగో తరగతిలో మానేసిన ఆవిడకి తట్టింది.

తెలుగు చదవడం వాడికి బస్టాండులో వచ్చింది. ఇదీ నా గొప్ప కాదు. వాడికి బస్సుల పిచ్చి. సాయంత్రాలు తణుకు బస్టాండుకి తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టేదాన్ని. బోర్డు చదివితే అర్ధరూపాయి చాక్లెట్టు. భీమవరంలో దీర్ఘం, పాలకొల్లులో ల కింద ఒత్తు, రాజమండ్రిలో డ కింద క్రావడి, పెనుగొండలో సున్న, నిడదవోలు, అత్తిలి, తాడేపల్లిగూడెం. ఆరునెలల్లో వాడు గుణింతాలన్నీ ఆ బోర్డుల మీదే నేర్చేసుకున్నాడు. ‘బి’, ‘డి’ తేడా కూడా అలాగే సర్దుకుంది. ఒక బస్సు భీమవరం బోర్డు ఇంగ్లీషులో పెట్టుకుని వచ్చింది. “అమ్మా, భీమవరం బి!” అన్నాడు. అంతే, మళ్లీ తప్పు రాయలేదు.

పుస్తకాలకి కూడా పెద్ద ఖర్చు కాలేదు. మన రాష్ట్రంలో సర్కారు బడి పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వేస్తున్నారు. మా ఆడపడుచు కొడుకువి పాతవి తెచ్చుకున్నాను. తెలుగులో అర్థం చేసుకుని పక్క పేజీలో ఇంగ్లీషు చూసుకోవడం పిల్లలకే కాదు, నాకూ పనికొచ్చింది.

మన కాలువ అటు పక్కన!

ఏటా ఎండాకాలంలో డెల్టా కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో నీళ్లు వదులుతారు. 2022 మేలో ఎండిన గోస్తనీ చూసి మావాడు, “నీళ్లు ఎక్కడ కట్టేశారమ్మా?” అని అడిగాడు. “ధవళేశ్వరంలో” అన్నాను ధీమాగా. “చూపించు” అన్నాడు. వాళ్ల నాన్నగారిని ఒప్పించి ఒక ఆదివారం బయల్దేరాం. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, జొన్నాడ దగ్గర గౌతమి. రెండు గోదావరులు దాటితే గాని రాజమండ్రి రాదని పిల్లలకి అప్పుడు తెలిసింది. ఒక్క గోదావరి ధవళేశ్వరం దగ్గర రెండుగా చీలుతుంది కాబట్టే మధ్యలో కోనసీమ అని బస్సులోనే చెప్పాను.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూశాం. 1833 నాటి నందన కరువులో ఈ గోదావరి పక్కనే జనం ఆకలితో చచ్చిపోయారనీ, ఆ తర్వాత ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడనీ చెబితే, మావాడికి ఒకటే ఆశ్చర్యం. “నీళ్లు పక్కనే ఉండగా ఆకలేంటమ్మా?” అని. అదే కదా అసలు పాఠం! పొలానికి అందని నీళ్లు ఉన్నా లేనట్టే.

తీరా బ్యారేజీ మీద నిలబడి, “మన కాలువ ఏదీ?” అంటే నేను తెల్లమొహం వేశాను. అక్కడ చేపలు అమ్ముకుంటున్న ఆవిడ నవ్వి, “తణుకా? మీ కాలువ అవతలి గట్టున, విజ్జేశ్వరంలోనమ్మా!” అంది. పశ్చిమ డెల్టా కాలువ మొదలయ్యేది అటే. ఇంత దూరం వచ్చి రాంగు ఒడ్డున నిలబడ్డాం! మా వారు పడీ పడీ నవ్వారు. నాకు సిగ్గేసింది గాని, మావాడు నా చెయ్యి పట్టుకుని, “నీకూ తెలీదా అమ్మా!” అన్నాడు ఎంత సంతోషంగానో. అమ్మకి కూడా తెలియనిది ఉంటుందని తెలిశాక వాడికి తప్పు చెయ్యడమంటే భయం సగం పోయింది.

ఇవన్నీ మంచిరోజులు. ఇలాంటివి నెలకి నాలుగైదు ఉండేవి. మిగతా రోజులు మామూలే. వాడికి జ్వరం, దీనికి జలుబు, చుట్టాలు, వ్రతాలు, పెళ్లిళ్ల సీజన్లో జాకెట్లు. వారాల తరబడి పుస్తకం తెరవని సందర్భాలున్నాయి. రాత్రి పడుకుంటే, “వీళ్ల వయసు పిల్లలకి ఈపాటికి ఎన్ని పాఠాలయ్యాయో” అని గుండె దడ. నా కుట్టుపని సగానికి పడిపోయింది. నెలకి నాలుగైదు వేలు వచ్చే చోట రెండు వేలు రావడం గగనమైంది. “పిల్లలతో ఇంట్లోనే ఉంటావుగా, నీకేం పని?” అనేవాళ్లకి ఏం చెబుతాం?

‘డ్రాపవుట్’

ఒక ఏడాదనుకున్నది రెండయింది, మూడయింది. చుట్టాలు ఊరుకుంటారా? “పిల్లాడికి ఏమైనా లోపమా?” అని మా తోడికోడలు చెవిలో అడిగింది. “అమ్మ ఒడి డబ్బులు పోలేదూ?” అని ఇంకొకరు. పోయాయి. ఆ పథకం 2020 జనవరిలో మొదలైంది. ఏడాదికి పదిహేను వేలు అన్నారు. 75 శాతం హాజరు ఉంటేనే తల్లి ఖాతాలో పడేవి. మాకు 2021లో పడ్డాయి, అంతే. అప్పులున్న ఇంట్లో అది చిన్న మొత్తమేం కాదు. మా వారు ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు ఎక్కువ బాధ.

2023లో పిల్లల సర్వేకి ఒకమ్మాయి వచ్చింది. వయసులెంత, ఏ బడి అని అడిగింది. “ఇంట్లోనే చదువుతున్నారమ్మా” అన్నాను. ఆ అమ్మాయి ఫోన్లో అటూ ఇటూ వెతికి, “ఇంట్లో అన్న ఆప్షన్ లేదండీ. డ్రాపవుట్ అని పెట్టనా?” అంది. వాడు అప్పుడే చందమామ పాత సంచిక చదువుతూ నా పక్కనే ఉన్నాడు. “డ్రాపవుట్ అంటే ఏంటమ్మా?” అన్నాడు. ఆ పిల్ల తప్పేం లేదు. దాని ఫోన్లో అదే ఉంది.

ఆ రాత్రి చట్టం సంగతులన్నీ తెలుసుకున్నాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత విద్య హక్కు ఇచ్చింది. బిడ్డని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని అందులో రాసి ఉంది. చేర్చకపోతే శిక్ష అని మాత్రం లేదు. ఇంటి చదువు గురించి ఒక్క ముక్కా లేదు. అదే చట్టం 17వ సెక్షన్లో పిల్లల్ని కొట్టడం, మనసు నొప్పించేలా వేధించడం నిషేధం అని కూడా ఉంది. అది చదివి ఆ బెంచీ గుర్తొచ్చింది. నా చెయ్యీ గుర్తొచ్చింది.

‘స్వశిక్షణ్’ పేరుతో మన దేశంలో ఇలా ఇంట్లో చదివించుకునే తల్లిదండ్రుల సంఘం ఒకటి ఉందని కూడా అప్పుడే తెలిసింది. నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని కాదన్నమాట అని ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతో మా అత్తగారి దగ్గర కాస్త పెద్దగానే మాట్లాడాను. “పాత రోజుల్లో ఆడవాళ్లంతా ఇంట్లోనే చదువుకోలేదా అత్తయ్యగారూ? భండారు అచ్చమాంబగారు బడి మొహం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారితో కలిసి ఇంట్లోనే చదువుకుని ఎంత పెద్ద రచయిత్రి అయ్యారు!”

ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు. “ఆవిడకి బడి లేక ఇంట్లో చదివింది అమ్మాయ్. నన్ను నాలుగో క్లాసులో మాన్పించారు, అయిదు పక్క ఊళ్లో ఉందని. నువ్వు నా మనవరాల్ని అసలు బడి గుమ్మమే ఎక్కించలేదు. మగపిల్లాడికంటే వాంతులు. దానికేం వచ్చింది?”

నా దగ్గర జవాబు లేదు. 1874లో ధవళేశ్వరంలో వీరేశలింగంగారు ఆడపిల్లల కోసం బడి పెడితే ఆ ఊరికి వెళ్లి కాలువ చూపించుకొచ్చాను గాని, ఆ సంగతి నేను తలుచుకోనే లేదు.

మొక్కలకి హాజరు

మా చిన్నదాని గురించి నేను బెంగపడిందే లేదు. అన్న పక్కన కూర్చుని అన్నీ నేర్చేసుకుంది. ఆరేళ్లకే తెలుగు గడగడా చదివేది. “చూశారా, బడి లేకుండా!” అని లోపల ఒకటే గర్వం.

2024 ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం. మిషను ఆపి నీళ్లు తాగుదామని లేస్తే పెరట్లో దాని గొంతు వినిపించింది. మిరప మొక్కలు, బంతి మొక్కలు వరసగా ఉన్న కుండీల ముందు స్కేలు పట్టుకుని నిలబడింది. నా కుట్టు లెక్కల పుస్తకం తెరిచి పేర్లు పిలుస్తోంది. మా వీధి పిల్లల పేర్లన్నీ. ఒక్కో పేరూ పిలిచి, గొంతు మార్చి, “ప్రెజెంట్ మేడం” అని అదే జవాబు చెప్పుకుంటోంది. ఒక పిల్లాడికి బొంగురు గొంతు, ఒక పిల్లకి సన్న గొంతు. ఆఖర్న తన పేరు పిలిచింది. కాసేపు ఆగింది. “ఆబ్సెంట్” అని రాసుకుంది.

నేను తలుపు చాటునే ఉండిపోయాను.

సాయంత్రం ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగాను, “బడికి వెళతావా అమ్మా?” అని. అది నా మొహం చూసింది. “నువ్వు ఏడుస్తావేమో” అంది. ఆరేళ్ల పిల్ల! నా కోసం అడగకుండా దాచుకుంది. కొడుకు భయం చూసి ఇల్లే బడి చేశాను, బాగానే ఉంది. కూతురి ఆశ చూడకుండా అదే గదిలో దాన్నీ కూర్చోబెట్టాను. పిల్లలు ఇద్దరైతే బళ్లు కూడా రెండు రకాలు కావాలని నాకు తట్టలేదు. లేదా తట్టినా, నా దగ్గరే ఉంటుందన్న ఆశ తట్టనివ్వలేదు.

2024 జూన్‌లో ఇంటికి దగ్గర్లోని సర్కారు బడిలో రెండో తరగతిలో చేర్చాం. ఇన్నాళ్లూ బడికి వెళ్లని పిల్లని కూడా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. హెడ్మాస్టరుగారు పుస్తకం చదివించి చూసి, “ఎవరు నేర్పారమ్మా?” అన్నారు. “మామ్మ, అన్నయ్య, అమ్మ” అంది వరసగా. నాది మూడో స్థానమే లెండి! మా అత్తగారు ఆ రోజు కొత్త చీర కట్టుకుని మరీ దాన్ని బడి గుమ్మం దాకా దిగబెట్టారు.

పెద్దాడు ఇంకో ఏడాది ఇంట్లోనే ఉన్నాడు. చెల్లెలు సాయంత్రం వచ్చి చెప్పే కబుర్లు రోజూ వినేవాడు. ఎవరితో గొడవైంది, ఎవరు అన్నంలో గుడ్డు పెంకు వేశారు, అన్నీ. 2025 మొదట్లో వాడే అన్నాడు, “ఆరో క్లాసుకి వెళతానమ్మా” అని.

మొదటి వారం నాకు ముద్ద దిగలేదు. మూడోరోజు పొద్దున్న యూనిఫాం వేసుకుంటూ వాడు పెరట్లోకి పరిగెత్తాడు. అదే తులసికోట పక్కన, అదే వాంతి. నా కాళ్లు చల్లబడిపోయాయి. “వద్దులే నాన్నా, ఇవాళ మానెయ్యి” అన్నాను. వాడు నోరు కడుక్కుని, మొహం తుడుచుకుని, “వెళతానమ్మా. అదే తగ్గిపోతుంది” అన్నాడు. సంచీ తగిలించుకుని వెళ్లిపోయాడు. అప్పుడు ఏడ్చాను.

మళ్లీ ఇంతవరకూ రాలేదు. వాడు క్లాసులో ఫస్టేమీ కాదు. లెక్కల్లో బాగా వస్తాయి. ఇంగ్లీషు మాట్లాడాలంటే తడబడతాడు. రాత నెమ్మది, పరీక్షలో చివరి ప్రశ్న మిగిలిపోతుంది. నేను ఇంట్లో గడియారం పెట్టి రాయించలేదు కదా, ఆ లోటు నాదే. కానీ తెలియనప్పుడు చెయ్యి ఎత్తి, “నాకు తెలీలేదు సార్” అంటాడట. మాస్టారు చెప్పారు. అది విజ్జేశ్వరం పాఠం!

“ఇంట్లో చదివించడం మంచిదా, బడి మంచిదా?” అని ఇప్పుడు కొందరు తల్లులు నన్ను అడుగుతున్నారు. నాకు తెలిసింది ఒకటే. మా వాడికి ఆ నాలుగేళ్లు ఇల్లు కావాల్సి వచ్చింది. మా పిల్లకి ఆ ఏడాదే బడి కావాల్సి వచ్చింది. మంచంకింద దూరే పిల్లాడూ, మొక్కలకి హాజరు వేసే పిల్లా ఇద్దరూ మనకి ఏదో చెబుతూనే ఉంటారు. వినడానికి ట్రైనింగు అక్కర్లేదు. కాస్త మన గొంతు తగ్గించుకోవాలంతే.

ఇప్పుడు తొమ్మిదింటికి ఇల్లంతా నిశ్శబ్దం. మిషను చప్పుడొక్కటే. మొన్న అరుగు మీద దారం ఎక్కిస్తుంటే ఎదురింటి పిన్నిగారు, “ఏవమ్మా, ఇక నీకు సెలవేనా?” అన్నారు. ఎక్కడ సెలవండీ! సాయంత్రం నాలుగున్నరకి ఇద్దరి హోంవర్కూ ఉందిగా!

మీరూ ఇంట్లో చెప్పాలనుకుంటే...

* బడి మాన్పించే ముందు బిడ్డ భయం దేనికో కనుక్కోండి. ఒక్కోసారి బడి మారిస్తే చాలు. కొట్టడం, అవమానించడం చట్టం ప్రకారం తప్పని గట్టిగా చెప్పండి.

* చిన్న పిల్లలకి ఆరుగంటల చదువు అక్కర్లేదు. రోజుకి గంటన్నర, రెండు గంటలు శ్రద్ధగా చాలు. గంటా, బెల్లూ వద్దు. కానీ ఏదో ఒక వేళ మాత్రం తప్పకుండా ఉండాలి.

* ఇంట్లో పెద్దవాళ్లని కలుపుకోండి. కొలతలు, తిథులు, కథలు, సామెతలు వాళ్ల దగ్గర బోలెడు.

* వారానికి నాలుగు రోజులైనా తోటి పిల్లలతో ఆట ఉండి తీరాలి. నేను చేసిన పెద్ద పొరపాటు ఇదే.

* మూడో తరగతి ఈడు దాటాక గడియారం పెట్టి రాయించడం అలవాటు చెయ్యండి.

* సర్టిఫికెట్ల సంగతి ముందే చూసుకోండి. 1989లో ఏర్పడిన జాతీయ ఓపెన్ స్కూలు (ఎన్.ఐ.ఓ.ఎస్.) ద్వారా 3, 5, 8 తరగతులకు సమానమైన ఎ, బి, సి స్థాయి పరీక్షలున్నాయి. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతి రాయవచ్చు. మన రాష్ట్ర ఓపెన్ స్కూలు ద్వారా కూడా పదో తరగతి చదవవచ్చు.

* బిడ్డ బడికి వెళతానంటే ఆలస్యం చెయ్యకండి. 6 నుంచి 14 ఏళ్ల లోపు ఎప్పుడైనా వయసుకు తగ్గ తరగతిలో చేరే హక్కు ఉంది.

* పిల్లల ముందు ఏడవడం తప్పు కాదు. కానీ మన ఏడుపుకి భయపడి వాళ్లు తమ కోరికలు దాచుకోకుండా చూసుకోండి.

- ఒక తల్లి, తణుకు